బరువు పడ్డాకే

అట్టపెట్టె కోయగానే
కొత్త రబ్బరు వాసన
వంటింటి తిరగమాతను దాటుకుని వచ్చింది.
రెండు గ్యాస్ షాకబ్సర్లు, రెండు స్ప్రింగులు,
మైనం కాగితంలో నాలుగు బుష్షులు.
పదినెలల చీటీ డబ్బును
మురకంబట్టులో మా మెట్లకింద, సిమెంటు నేలమీద
వరసగా పడుకోబెట్టినాను.

మా అక్క నాగరత్న
కుర్చీ వద్దని, పాల క్రేటు బోర్లించి కూచుంది.
ఇరవయ్యారేళ్లు పుత్తూరు బస్సులో కండక్టరు.
నిలబడి టికెట్లు కొట్టిన నడుము.
ఏ మలుపులో గుంత ఉందో
రోడ్లు వేసినోళ్ల కంటే దానికే బాగా తెలుసు.
ఇప్పుడు నెలకోసారి వేలూరు ఆస్పత్రికి
నా పాత ఇండికాలో.
పోనూ రానూ డెబ్బై కిలోమీటర్లు.
స్పీడు బ్రేకర్లు నేను లెక్కపెడతాను,
అక్క లెక్కపెట్టదు. పైన పట్టీ పట్టుకుని
పెదవి కొరుక్కుంటుంది.
దిగేటప్పుడు మాత్రం
"బండి బాగనే ఉండాదిలేరా" అంటుంది.
ఆ మాటకే నేను చీటీ ఎత్తింది.

మెకానిక్కును కాను,
బెల్లం మండీలో కాటా గుమాస్తాను.
ఎంత బరువుకు ముల్లు యాడ నిలుస్తుందో తెలుసు,
ఎంత బలానికి నట్టు లొంగుతుందో తెలియదు.
పదిహేడో నంబరు పానా జారి
తొలి అరగంటకే రెండు వేళ్ల తోలు లేచింది.
రాత్రే కిరసనాయిలు తాగించినా ఆ బోల్టు
బాకీ ఉన్న షావుకారు మాదిరి
అంతా వింటుంది, కదలదు.
పానాకు పైపు తొడిగి, కాలితో తన్ని,
నేను చతికిలబడ్డాక
కిర్రుమని ఒక చుట్టు తిరిగింది.
టార్చి పట్టుకున్న అక్క
"రైట్, రైట్" అనింది.
రిటైరయినాక ఆ మాట
ఆమె నోట వినడం అదే మొదలు.

పాత షాకబ్సరు ఒళ్లంతా నూనె కారి, మన్ను పట్టి ఉంది.
నొక్కితే లోపలికి పోయింది.
మళ్లీ పైకి రాలేదు.
అక్క దాన్ని ఒళ్లో పెట్టుకుని
ఇంకోసారి నొక్కి చూసింది.
తడిగుడ్డ తెచ్చి తుడిచింది.
ఇనుప సామాన్లోడికి వేసేదాన్ని
ఎవరన్నా తుడుస్తారా!

రెండయింది. సంకటి ముద్ద చల్లారింది.
అన్నీ బిగించి చెయ్యి తుడుచుకుంటా ఉంటే
ఎదురింటి దస్తగిరి వచ్చినాడు,
డిపో గ్యారేజీలో ముసలైన మనిషి.
వంగి చూసి,
"జాకీ మీద ఉండంగానే బుష్షులు బిగించేస్తివా?
ఏలాడేటప్పుడు బిగిస్తే
దించినాక మెలిపడి, మూణ్ణెల్లకే చినిగిపోతాది రబ్బరు.
వదులు చెయ్. నేల మీదికి దించు.
బరువు పడ్డాకే బిగించాల."

అన్నీ వదులు చేసినా.
చక్రాల కింద చెక్కలు పెట్టి దించినా.
మండీ నుంచి రెండు బస్తాలు తెస్తానంటే
అక్క క్రేటు మీద నుంచి లేచింది.
"వేలూరికి పోయేది బెల్లమా?"

తలుపు తీసి, ఒక కాలు, ఇంకో కాలు,
ముందు సీట్లో తన చోట్లో కూచుంది.
బండి వేలెడంత కిందికి దిగింది.
నేను దానికింద వెల్లకిలా.
యాభై ఎనిమిది కిలోలు,
ఆస్పత్రి చీటీలో చూసినాను.
నా ముక్కుకు జానెడు ఎత్తున
రేకుకు అవతల ఉంది ఆ బరువు.
ఈ కాటాకు ముల్లు లేదు.
పానా పట్టి, ఊపిరి పట్టి,
ఇక తిరగనన్నదాకా తిప్పినాను.
"అయిందా?" అనింది పైనుంచి.
అయింది. ఇంకా కాలేదన్నాను.
ఎందుకో తెలియదు.

దీపాలు పెట్టేవేళ వీధి చివరి దాకా పోయినాం.
బ్రేకరు ఎక్కి దిగింది బండి,
ఒక్కసారే ఊగి నిలిచింది.
పట్టీ మీదికి పోబోయిన అక్క చెయ్యి
సగంలో ఆగి, చెంగు సర్దుకుంది.
"కొంచెం గట్టిగా ఉండాదిరా."
"కొత్తవి కదక్కా, వెయ్యి కిలోమీటర్లు తిరిగితే మెత్తబడతాయి."

వేళ్ల మీద లెక్కేసింది.
"వెయ్యంటే వేలూరికి పద్నాలుగు సార్లు.
ఇరవై చిల్లర.
టికెట్టు వెనక రాసిస్తా, తర్వాత తీసుకో."