పున్నమ్మతోట నుంచి సముద్రం

సాయంత్రం ఆరూ నలభైకి
నేను సముద్రాన్ని చదువుతాను.

గాజు తలుపు, ఎర్ర దీపం,
గోడలకి చిల్లుల అట్టలు,
దగ్గొస్తే నొక్కడానికి ఒక మీట.
కిటికీ లేదు. ఉన్నా
బందరు కాలువలో గుర్రపు డెక్కే కనిపించేది.
అదైనా సముద్రం వైపే పోతుంది,
నేను పదకొండేళ్లుగా పోలేదు.

"కోస్తా వెంబడి ఈశాన్య దిశగా గాలులు
గంటకు నలభై నుంచి యాభై..."
వాక్యం ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో తెలుసు నాకు,
గాలి ఎక్కడ తీసుకుంటుందో తెలియదు.

మార్గశిరం రెండో వారం.
బెజవాడకి చలి వచ్చిందంటే
ఆటోవాళ్ల చెవులకి మఫ్లర్లు వచ్చాయని.
తెల్లారేసరికి బ్యారేజీ అవతల సీతానగరం కొండ ఉండదు,
ఎనిమిదింటికి ఏమీ ఎరగనట్టు తిరిగొస్తుంది.
నేనెరిగిన వాతావరణం అంతే.

ఆ రోజు కాయితంలో అల ఎత్తు
రెండు పాయింట్ ఒకటి మీటర్లు.
చదివేసి బయటికొస్తే
డ్యూటీ గదిలో ఫోను.

"అక్కా, రెండు మీటర్లు ఖాయమేనా?"

గుంటూరు ఆనందపేట. పేరు ఇంతియాజ్.
మిర్చి యార్డులో బస్తాలకి లెక్క రాస్తాడట.
భీమిలిలో ఎవరో వద్దనుకున్న సర్ఫింగ్ బోర్డు
రెండు నెలల జీతానికి కొన్నాడట,
తోక దగ్గర పగిలితే తనే అతికించాడట.
ఆదివారం బాపట్ల రైల్లో
దుప్పటి చుట్టి, రోగిని పడుకోబెట్టినట్టు పడుకోబెట్టి
సూర్యలంక తీసుకెళతాడట.
"గాలి రేగినప్పుడు నీళ్లన్నీ చిందరవందరక్కా.
వాయుగుండం దాటిపోయి గాలి పడిపోయాక
అల ఒక్కటే మిగులుతుంది చూడండి,
పొద్దున్నే నేల గాలి ఎదురొచ్చి
దాని జుట్టు వెనక్కి దువ్వుతుంది.
అలాంటి పూటలు చలికాలం మొత్తంలో
నాలుగో, ఐదో."

పెట్టేలోపే ఇంకోటి.
కొక్కిలిగడ్డ నాంచారయ్య, నిజాంపట్నం హార్బరు.
నమస్కారం లేదు.
"మీటర్లు నేనేం చేసుకోనమ్మా?
మొగ దగ్గర అల నిలబడి విరుగుతోందా
కూలబడి విరుగుతోందా, అది చెప్పు."
నాకేం తెలుసు? ఆ మాటే అన్నాను.
నవ్వాడు. వెనకాల ఎవరో ఐసు పగలగొడుతున్నారు.
"పోనీలే. 'ఒకటి' దగ్గర నువ్వు గొంతు తగ్గించావు,
నేను డీజిలు వెనక్కి ఇచ్చేశాను."

తగ్గించానా?

ఆ రోజు నాకు జలుబు.

ఆ రాత్రి స్టూడియోలో ఎవరూ లేనప్పుడు
టేపు పట్టుకుని గోడ మీద పెన్సిలుతో గీత గీశాను,
నేల నుంచి రెండు పాయింట్ ఒకటి.
చెయ్యెత్తినా అందలేదు, కుర్చీ ఎక్కాల్సొచ్చింది.
ఇన్నేళ్లూ దాని కిందే కూర్చుని
మంచినీళ్లు తాగుతూ చదివాను.

తర్వాతి వారం కాయితం మారింది,
మూడు నెలల ముందుచూపు.
రాత్రి ఉష్ణోగ్రతలు సాధారణం కన్నా ఎక్కువ,
వానలు సాధారణం.
సాధారణమంటే ఏమిటని ఆఫీసుకి ఫోను చేసి అడిగాను.
ముప్ఫై ఏళ్ల సగటు, అన్నారు.
నాంచారయ్యకి అవి రెండుసార్లు అయిపోయాయి,
సగటున ఏ ఏడాదీ గుర్తులేదంటాడు.
ఇంతియాజ్‌కి ఇరవై మూడు.
వాడికింకా సాధారణమే రాలేదు.

ఇవాళ మళ్లీ ఆరూ నలభై.
తేదీ, గాలి, దిశ.
అల ఎత్తు దగ్గరికొచ్చేసరికి
గొంతులో మిరప కోరు పడ్డట్టు గరగర.
మీట నొక్కాను.

ఆ అర సెకను ఖాళీలో
ఒకడు డీజిలు డబ్బా వంచబోయి ఆగి ఉంటాడు,
ఒకడు దుప్పటి ముడి మీద చెయ్యి పెట్టి ఉంటాడు.
గోడ మీది గీత వైపు చూశాను,
తల ఎత్తకుండా చూడలేనంత పైన.

మీట వదిలి
గొంతు పెంచకుండా, తగ్గించకుండా
అంకె చెప్పాను.