ట్రంకు లైను చివరి ఊరు

సుగుణరత్నం,
నీ జాబితా అందింది.
రెండు పేజీలు, ఎర్రసిరాతో గంటల లెక్క.
బిల్లుల సెక్షను అలవాటు నీకింకా పోలేదు.
పదకొండు చోట్లు రాశావు,
తొమ్మిది కొట్టేశాను. కోపగించుకోకు.

అంతర్వేది ఇంకోసారి.
పేరుపాలెం సముద్రం ఎక్కడికీ పోదు.
మనం వెళ్తున్నది ఒక్క నర్సాపురానికి,
ఒక పగలు, ఒక రాత్రి, ఆ మర్నాడు ఒక పూట.
నీ మోకాలు ఎంతవరకు ఒప్పుకుంటే
ఊరు అంతవరకే.

తణుకులో పొద్దుటి పాసింజరు ఎక్కుదాం.
అత్తిలి, భీమవరం, వీరవాసరం, పాలకొల్లు,
ఆ తర్వాత పట్టాలే అయిపోతాయి.
కునుకు పట్టినా ఊరు దాటిపోతామన్న బెంగ లేదు.
రైలు కూడా చెప్పులు విప్పి కూచునే ఊళ్ళు
ఎన్నుంటాయి చెప్పు.

ఇరవై ఎనిమిదేళ్ళు
చెవులకి హెడ్‌సెట్టు బిగించుకుని
బోర్డులో తీగ గుచ్చి
రోజుకి నలభైసార్లు ఆ పేరు పిలిచాను:
"నర్సాపురం, నర్సాపురం, లైన్లో ఉన్నారా?"
ఇక్కణ్ణించి యాభై కిలోమీటర్లు ఉంటుందేమో.
ఒక్కసారీ వెళ్ళలేదు.
రోజూ మాట్లాడే మనిషి ఇంటికి
పనిగట్టుకుని వెళ్ళాలని ఎవరికి తోస్తుంది?

కళ్ళు చూడకపోయినా
చెవులకి ఆ ఊరు కంఠతా వచ్చు.
లేసుల షావుకారు గన్నెయ్య గారు
బొంబాయికి గొంతు చించుకునేవాడు,
"టేబుల్ క్లాతులు మూడొందలు! మూడొందలండీ!" అని,
తీగతో పని లేనంత గట్టిగా.
అక్కడ వాన మొదలైతే
ముందు నా చెవిలో చిటపటలాడేది.
అవతల కూచున్నావిడ
"ఒక్క నిమిషం అమ్మా, పంటు వచ్చింది" అని
లేచి కిటికీ రెక్క మూసేలోగా
సఖినేటిపల్లి జనమంతా నా బల్ల మీద దిగేసేవాళ్ళు,
సైకిళ్ళతో, కొబ్బరి గెలలతో,
అరిచే ఒక మేకతో.

అంచేత మొదటి పగలు ఏమీ చూడొద్దు.
నడుద్దాం.
స్టేషన్నించి రేవు దాకా, బజారు ఎటు తిప్పితే అటు.
దిబ్బరొట్టె కనపడితే చెరో సగం, చెరుకు పానకంతో.
నీకు షుగరని తెలుసు,
నీ సగంలో సగం నాకిచ్చెయ్.

మాధవాయిపాలెం బట్ట ఓడలెక్కి
ఊరి పేరే తన పేరుగా దేశాలు తిరిగిందంటారు.
వలందా వాళ్ళొచ్చారు, ఇంగ్లీషు వాళ్ళొచ్చారు,
నువ్వు వాళ్ళ తారీకులన్నీ రాశావు.
పాతగోడ ఏదైనా మిగిలుంటే దాని నీడన కూచుందాం.
అది ఎవరి గోడో తేల్చే పని మనది కాదు.

లాడ్జిలో గోదారి వైపు గది అడిగాను.
"అటు దోమలండీ" అన్నాడు కుర్రాడు, నిజాయితీగా.
అదే ఖాయం చేశాను.

రెండోరోజు పొద్దున్న పంటెక్కి
అవతలి ఒడ్డున టీ తాగి
అదే పంటులో వెనక్కి. అంతే.
మధ్య గోదాట్లో ఎవరూ మనల్ని
"మూడు నిమిషాలయిందండీ, పొడిగించమంటారా" అనరు.
ఆ మాట నేనే ఎంతమందితో అన్నానో,
కొందరు సరిగ్గా ఏడుపు మొదలెట్టే వేళకి.

నువ్వు అడగబోయేది తెలుసు.
లేదు, ఆవిణ్ణి వెతకను.
పేరు ఎప్పుడూ అడగలేదు,
ఆవిడ నాకు నర్సాపురం,
నేను ఆవిడకి తణుకు.
జ్వరమొచ్చిన రోజు
"ఏంటి తణుకూ, గొంతు అలా ఉంది?" అనేది.
ఇంట్లో ఎవరూ కనిపెట్టకముందే.

అయినా రేవులో ఏ ముసలావిడైనా
"ఒక్క నిమిషం అమ్మా" అంటే
నేను ఆగిపోతాను, రైలు తప్పినా సరే.
నీ జాబితాలో కొట్టేసిన తొమ్మిదింటి చోటూ
అందుకే ఖాళీగా వదిలాను.

గొడుగు నువ్వు తే.
దోమతెర నేను తెస్తాను.