రెండు బిళ్లల ఎడం

పనస చెక్క మా పంచలో ఏడేళ్లు ఆరింది.
మంచానికని కొన్నది, మంచం కాలేదు.
నరసాపురం కాలవ గట్టు మీద రంపం మిల్లులో
నడుం దగ్గర నొక్కి కోయించాను.
"వీణా?" అన్నాడు మిల్లు యోనా.
"కరెంటు వీణ" అన్నాను.
మెడ మాత్రం పార్సిల్లో వచ్చింది,
కోడిగుడ్ల అట్టల మధ్య, పొత్తిళ్లలో బిడ్డలా.

నాది మోటార్లు చుట్టే కొట్టు.
రొయ్యల చెరువుల మీద ఏరేటర్లు కాలిపోయి వస్తాయి,
రాగి కమురు, వార్నీషు వాసన, తొందర పెట్టే రైతులు.
పికప్‌కి చుట్టే తీగ ఆ జాతి కాదు.
దాని ముందు వెంట్రుక కూడా మోకే.
మిషన్ మీద పెడితే మూడుసార్లు పుటుక్కుమంది.

సలోమి అత్త లేసు పక్కన పెట్టి లేచింది.
"నువ్వు తిప్పు. నే పట్టుకుంటా."
నలభై ఏళ్లు నూలు నిమిరిన వేళ్లు
తీగని లాగలేదు, వదల్లేదు.
కళ్లు మూసుకునే పట్టింది,
ఎలాగూ ఇప్పుడు ఆనడం లేదు.
ఏడు వేల ఆరొందల చుట్లు.
మధ్యలో పాల కేను చప్పుడైతే
నేను లెక్క మరిచాను. ఆవిడ మరవలేదు.

బిగించడం అంటే స్క్రూలు తిప్పడమనుకున్నాను.
కాదు, ఎడం నేర్చుకోవడం.
అయస్కాంతం దగ్గరికి జరిగితే గొంతు పెద్దదవుతుంది,
కానీ తీగని తన వైపు గుంజుకుంటుంది,
ఊగనివ్వదు, శ్రుతి వంకరపోతుంది.
దూరం జరిగితే
పెరడు అవతలి నుంచి ఎవరో పిలిచినట్టు, అంతే.
స్ప్రింగులు దొరక్క సైకిల్ ట్యూబు ముక్కలు కోసి కింద పెట్టాను.
చివరి మెట్టు మీద తీగని నొక్కిపట్టి
రెండు రూపాయి బిళ్లలు రెండు పేర్చి దూర్చాను.
లావు తీగకి సరిపోయింది.
సన్న తీగ వైపు బిళ్లన్నర కావాలి,
బిళ్లని సగం ఎవడు చేస్తాడు, కంటితోనే తూచాను.

తీగల ఎత్తు దగ్గర నా చిటికెన వేలు అడ్డొచ్చింది.
పోయినేడు మొగల్తూరు చెరువు మీద
ఏరేటరు బెల్టు కొరికిన వేలు, సగమే వంగుతుంది.
దాని బలానికి తగ్గట్టు దించుతూ పోయాను,
తాతాజీ మెకానిక్ దగ్గర ప్లగ్గు గ్యాపు రేకులు అరువు తెచ్చి,
పన్నెండో మెట్టు మీద ఆనించి,
అరచుట్టు, పావుచుట్టు, అందులో సగం.
దించితే వేలికి సుఖం, మెట్టుకి తీగ తగిలి జుర్రుమంటుంది.
ఎత్తితే పాట శుభ్రం, వేలు ఏడుస్తుంది.
ఇంతా చేసి పడుకుంటే
గోదారి ఎర్రబడ్డ వారంలో
మెడ గాలిలో తడి తాగి వంగింది.
మళ్లీ మొదట్నించీ.

చివరికి ఆంప్‌కి తగిలించిన రాత్రి
పాట కంటే ముందు హోరు వచ్చింది.
గుర్తుపట్టాను.
పగలంతా నా కొట్లో వినే హోరే,
ఊరి చుట్టూ చెరువుల్లో తెల్లార్లూ తిరిగే కరెంటుదే.
చెయ్యి తీగల మీద వేశాను,
ఆగిపోయింది.
బ్రిడ్జి కింద నేను అతికిన ఎర్తు తీగ,
దాని చివర నేను, ఒట్టి కాళ్లతో, గచ్చు మీద.

వాయించాను. తొమ్మిదో మెట్టు దగ్గర కొంచెం మూలిగింది.
"ఆ చోట ఏంటది?" అంది అత్త, గుమ్మంలోంచి.
"తీగ తగులుతోంది. ఇంకాస్త ఎత్తాలి."
వేళ్లతో గాలిలో ఏదో అల్లి చూసుకుంది.
"ఒక కన్ను జారింది. దాన్ని విప్పబోకు,
మిగతాదీ ఊడొస్తుంది."

రేకులు తుడిచి డబ్బాలో పెట్టాను, పొద్దున తాతాజీకి ఇవ్వాలి.
తీగల మీంచి చెయ్యి తీశాను.
చెరువులు మళ్లీ మొదలెట్టాయి.