పెన్సిల్ గీత

టార్టులో, మూడో అంతస్తు గదిలో
హెల్యు రౌడ్‌మా పాత వార్తాపత్రికలతో పొట్లాలు కట్టేది.
ఉక్కు ఉత్పత్తి లెక్కల మీద
ఎండిన గొడుగొకటి పడుకోబెట్టి, నాలుగు మడతలు.
లెక్కలు పచ్చబడిపోయాయి.
సిద్ధబీజాలు ఇంకా గోధుమరంగులోనే ఉన్నాయి.

పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చాయంటాం, తేలిగ్గా.
ఒక్కదాని కోసం ఆమె
పంతొమ్మిది సెప్టెంబర్లు అదే చిత్తడి అడవికి వెళ్లింది,
తండ్రి రబ్బరు బూట్లలో, రెండు జతల మేజోళ్లు తొడిగి.
తండ్రిని ఏ రైలెక్కించారో తను చెప్పలేదు,
మేం అడగలేదు.

చివరికి దొరికింది, కూలిన ఆస్పెన్ మాను కింద.
వేలెడంత లేదు. తడిసిన పిండి వాసన.
లాటిన్ పేరు చివర తన ఇంటిపేరు.
ఆ సాయంత్రం డిపార్ట్‌మెంటంతటికీ కేకు కోసింది,
అడవిలో వాడే చాకుతోనే.

డెబ్బై తొమ్మిదో ఏట
శిష్యుడు ఉర్మస్ జన్యు పరీక్ష కాగితంతో వచ్చి
గుమ్మంలోనే నీళ్లు నమిలాడు.
కొత్త జాతి కాదట.
స్వీడన్‌లో ఎవరో వందేళ్ల కిందటే పేరు పెట్టేశారట.

కళ్లజోడు తుడుచుకుంది. పొట్లం తెప్పించింది.
తన పేరు మీద ఒకే గీత, పెన్సిల్‌తో,
కింది అక్షరాలు చదవడానికి వీలుగా.
పక్కన పాత పేరు, తేదీ, పొడి సంతకం.
"దానికేం తేడా పడదు," అంది. "టీ పెట్టు."

ఆ వారం సూపులో ఉప్పు రెండుసార్లు మరిచిపోయింది.
ఆదివారం ఫోన్ చేసి
బూట్లకి అతుకు వేసే జిగురు
ఎక్కడ దొరుకుతుందని అడిగింది.