బాయిలర్ గది లెక్కలు

బడికి నూరేళ్లు నిండుతున్నాయి,
హాకీ టీము పుట్టుక గురించి
నాలుగు ముక్కలు రాయమన్నారు నన్ను.
అద్దాల బీరువా ముందు నిలబడ్డాను.
కప్పులన్నీ ముప్ఫై నాలుగు నుంచే మెరుస్తున్నాయి.
అంతకుముందు సంగతి కప్పులకు తెలియదు.

తెలిసింది ఒక్క పుస్తకానికి.
బాయిలర్ గదిలో మేకుకు వేలాడుతూ
మసి పట్టిన అట్ట, లోపల
యెర్నెయ్ ఒబ్లాక్ చేతిరాత.
స్లొవేనియా నుంచి ఇనుపగనికి వచ్చి,
మూడు వేళ్లు గనికే ఇచ్చేసి,
మా బడి పొయ్యికి బొగ్గు వేసే పనిలో కుదిరినవాడు.

"జనవరి తొమ్మిది, ఇరవై మూడు.
బొగ్గు పద్నాలుగు బకెట్లు.
రాత్రి పెరట్లో నీళ్లు వదిలాను.
పిల్లలు అడిగారు."

అంతే. మా పురాణం ఇక్కడే మొదలు.

ఉత్తర మినసోటాలో ఆ నెల
ఉమ్మితే టక్కుమని చప్పుడవుతుంది.
అయినా పెరడు అద్దం కావడానికి ఆరు రాత్రులు పట్టింది.
అలికినట్టు పల్చగా ఒక పొర,
లోపలికి వచ్చి మీసం కరిగించుకోవడం,
మళ్లీ ఒక పొర.

పిల్లలు ఏడుగురు, స్కేట్లు ఐదు జతలు.
వైనో లెహ్తినెన్‌వి వాళ్ల నాన్నవి,
లోపల రెండు మేజోళ్లు, ఒక ఆదివారం పేపరు.
ట్రెగెంజా కవలలకు ఒకటే జత.
అన్న ఆడుతుంటే తమ్ముడు
బొగ్గు సంచి మీద ఒంటికాలు మార్చుకుంటూ
ఊపిరితో వేళ్లు కాచుకుంటూ ఉండేవాడు.
రుడాల్ఫ్ కొబాల్‌ని గోల్‌లో నిలబెట్టారు,
స్కేటింగ్ రాదు గనక.
వాడి మోకాళ్లకు కట్టినవి భూగోళం పుస్తకాలు,
ఎడమ కాలికి ఆసియా, కుడి కాలికి ఆఫ్రికా.
తపాలాలో రావలసిన రబ్బరు బిళ్ల రాలేదు.
ఒబ్లాక్ బిర్చి దుంగ కోసి ఒకటి ఇచ్చాడు.

"ఫిబ్రవరి మూడు. బొగ్గు పదకొండు.
నాలుగు బకెట్లు బయట గోల్ స్తంభాలుగా ఉన్నాయి.
పక్కూరి వాళ్లు వచ్చారు.
తొమ్మిది, సున్నా. సున్నా మనది."

"ఫిబ్రవరి పది. బొగ్గు పదమూడు.
పన్నెండు, సున్నా. ఆసియా చిరిగింది."

"ఫిబ్రవరి ఇరవై ఎనిమిది.
నీళ్ల బిల్లు గురించి హెడ్‌మిస్ట్రెస్ పిలిచింది.
జీతంలో కోసుకోమన్నాను."
దాని కింద ఒక అడ్డగీత. గట్టిగా నొక్కి గీసింది.

మార్చి పదిహేడున ఎండ కాసింది.
ఆట సగంలో మంచు మీద అంగుళం నీరు.
స్కేట్లు పడవల్లా నురగ లేపుతున్నాయి.
వైనో బలమంతా పెట్టి కొట్టిన బిళ్ల
బకెట్ల ముందు జానెడు దూరంలో ఆగి
తేలింది. కర్ర కదా.
దాన్ని అందుకోబోయి
అటువాళ్లు ముగ్గురు, మనవాళ్లు ఇద్దరు
వరసగా జారిపడ్డారు.
అప్పుడు పడమటి గాలి వీచింది.
బిళ్ల మెల్లగా, ఎవరికీ చెప్పకుండా,
రెండు బకెట్ల మధ్య నుంచి లోపలికి పోయింది.

రెఫరీగా నిలిచిన పాస్టర్ స్కోగ్‌లండ్
చాలాసేపు ఆకాశం కేసి చూసి
చెయ్యెత్తాడు.

"బొగ్గు నాలుగు చాలు.
మూడు, ఒకటి. ఒకటి మనది.
గాలి వేసింది."

ఆ బిళ్ల కోసం అటకంతా వెతికాను,
బీరువాలో అన్నిటికన్నా ముందు పెడదామని.
చివరికి పేజీ తిప్పితే కనపడింది.

"ఏప్రిల్ రెండు. మళ్లీ చలి.
బండి రాలేదు. బొగ్గు లేదు.
కట్టెలు వేశాను. బిర్చి బిళ్ల కూడా.
పిల్లలకు చెప్పలేదు."