ఆషాఢంలో హాలు చౌక

ముహూర్తాల్లేని నెల చూసి పెట్టుకున్నాం.
పెళ్లిళ్లు లేనప్పుడు కల్యాణ మండపం
తన ఫ్యాన్ల కింద తనే నిద్రపోతుంది,
అద్దె సగానికి సగం దిగుతుంది.
పట్టాభిపురంలో రెండు తిరిగాం, కొరిటెపాడులో ఒకటి.
అరండల్‌పేటలో మేనేజరు పేరయ్య
కళ్లజోడు నుదుటి మీదికి తోసి అడిగాడు:
"ఏం ఫంక్షనమ్మా?"

బ్లాక్‌చెయిన్ అన్నాం.
"చెయిన్ స్కీములకివ్వం.
పోయినేడు ఇట్టాగే మీటింగన్నారు,
తెల్లారి పోలీసులొచ్చారు."

నాగూర్ వలి అరగంట చెప్పాడు.
నోడన్నాడు, హాషన్నాడు,
చేతుల్తో గాలిలో పెట్టెలు కట్టాడు.
పేరయ్య మర్యాదగా గోడ గడియారం వైపు చూశాడు.

నేను పగలు కోల్డ్ స్టోరేజీలో లెక్కలు రాస్తాను,
రాత్రుళ్లు కోడు.
అందుకని మిర్చి బస్తా దగ్గర మొదలెట్టాను.
రైతు చేతిలో ఓ చీటీ, కమిషన్ కొట్లో ఓ చీటీ,
గుమస్తా చిట్టాలో ఓ పద్దు.
మూడూ కలవకపోతే?
"గొడవే."
అందరి దగ్గరా ఒకటే చిట్టా ఉంటే?
ఎవడూ కాయితం చింపలేనిది,
కొట్టేసి మళ్లీ రాయలేనిది?

పేరయ్య చాలాసేపు మాట్లాడలేదు.
యార్డులో ముప్పై ఏళ్లు గుమస్తా చేసినవాడు.
"అట్టాంటిదుంటే
మా షావుకారు నన్ను పనిలో పెట్టుకునేవోడే కాదమ్మా"
అని నవ్వి, తాళంచెవుల గుత్తి తీశాడు.

*

సువార్త వాళ్ల డాబా మీద, బ్రాడీపేట నాలుగో లైను,
కరెంటు పోయిన రాత్రి, ఐదుగురం.
కుర్చీలు నూట ఇరవై.
రూటర్లు మూడు, మూడిళ్ల వాళ్లని అడిగి తేవాలి.
పెరుగన్నం చాలంటాడు జోజిబాబు,
ఆవకాయ లేకుండానా అంటుంది ఝాన్సీ.
బ్యానరు గుడ్డదా ఫ్లెక్సీనా, ఏదైనా
ఈ గాలికి నిలుస్తుందా?
మొదటి ప్రసంగం చిలకలూరిపేట డిప్లొమా కుర్రాడిది,
ఫోన్లోనే అంతా నేర్చుకున్నాడు,
లాప్‌టాప్ ఎవరైనా ఇస్తారా అని
రెండుసార్లు మెసేజి పెట్టాడు.
అన్నీ తెలుగులో చెబుదామనుకున్నాం,
కన్సెన్సస్‌కి తెలుగు మాట దగ్గరే
పదకొండైంది,
ఏకాభిప్రాయం కుదరలేదు.

అప్పుడొచ్చింది హైదరాబాదు ఫోను.
కొత్త కాయిన్ కంపెనీ. మూడు లక్షలిస్తారట.
స్టేజీ వెనక వాళ్ల బొమ్మ,
ప్రతి సంచిలో వాళ్ల కరపత్రం,
భోజనాలకు ముందు, అందరూ ఆకలి మీదున్నప్పుడు,
వాళ్ల మనిషికి అరగంట మైకు.

మూడు లక్షలంటే ఏసీ హాలు.
మూడు లక్షలంటే ఆ కుర్రాడికి కొత్త లాప్‌టాప్.
ఝాన్సీ వేళ్ల మీద లెక్కపెడుతోంది.
జోజిబాబు దోమలచుట్ట బూడిద పుల్లతో కెలుకుతూ
"సత్తెనపల్లిలో మా బావ
కౌలు డబ్బులు అట్టాంటిదాంట్లోనే పోశాడు" అన్నాడు.
ఎంతని ఎవరం అడగలేదు.
ఓటింగు పెట్టలేదు, చేతులెత్తలేదు.
సువార్త వెలుగుతున్న ఫోన్ని
చాప మీద బోర్లా పెట్టింది.
కాసేపటికి అది మోగడం మానేసింది.

*

అడ్వాన్సు పదివేలు.
ఎవరెంతిచ్చారో పైసాతో సహా
ప్రపంచంలో ఎవరైనా చూసుకునేట్టు రాసిపెట్టాం.
పట్టుకెళ్లి పేరయ్యకిస్తే
లెక్కపెట్టకుండా సొరుగులో వేశాడు.

రసీదండీ, అన్నాను.

"పుస్తకం అయిపోయింది. ఆషాఢం గదా,
కొత్తది శ్రావణానికొస్తది.
మాటుందిగా."

నాగూర్ వలి నా మొహం చూశాడు.
నమ్మకంతో పనిలేని లెక్క గురించి
ఆరుగంటలు మాట్లాడబోతున్నాం, ఈ హాల్లోనే.

గోడ క్యాలెండర్లో ఆ శనివారం గడి మీద
పేరయ్య పెన్సిలుతో,
యార్డు గుమస్తాల గొలుసుకట్టు రాతలో రాశాడు:
'చిట్టా పిల్లలు. కుర్చీలు 120.'

పెన్సిలుతో.

బండి తీశాక, శంకర్‌విలాస్ సెంటర్ సిగ్నల్ దగ్గర
గుర్తొచ్చింది:
జనరేటరు సంగతి అడగనేలేదు.