తవుడు ముద్ద

పుష్యమాసం. గంట్యాడ దాటేసరికి
స్కూటర్ హ్యాండిల్ మీద వేళ్ళు నావి కావు.
తాటిపూడి గట్టెక్కితే నీళ్ళు లేవు, కొండ లేదు,
మంచు ఒక్కటే ఉంది,
అందులో ఎక్కడో ఒక దగ్గు.

దగ్గు వైపు నడిచాను. తవుడు.
ఎర్ర కంబళి, చెవులదాకా మఫ్లరు,
నోట్లో ఆరిపోయిన చుట్ట.
"సలికి సేపలు నోరిప్పవు బాబూ.
పొద్దెక్కనీ. ముందు టికెట్టు కోయనీ."
గాలానికి యాభై. సొసైటీ రసీదు.

పోయినేడు కాదు, అంతకు ముందు వానల్లో
ఇదే గట్టు మీద లారీ దిగిన సంచులు,
ఆక్సిజన్ ఊదిన సంచుల్లో
వేలెడంత బొచ్చెలు, శీలావతులు.
ఒక గ్లాసు ముంచి లెక్కపెట్టాను: నూట పద్ధెనిమిది.
ఆ తరవాత చేపల్ని కాదు, గ్లాసుల్ని లెక్కపెట్టాను.
అలా రెండు లక్షలు.
రిజిస్టరులో ఎక్కించి, తేదీ వేసి, సంతకం పెట్టి
రిటైరయ్యాను.
ఎన్ని బతికాయో రాసే గడి
ఆ రిజిస్టరులో లేదు.

తవుడు తవుడు కలుపుతున్నాడు.
నవ్వకండి, పేరే అది.
వేరుశనగ చెక్క, చిటికెడు బెల్లం, రాత్రి మెతుకులు,
అరచేతిలో తిప్పి తిప్పి నిమ్మకాయంత ముద్ద.
"నా ముందు ముగ్గురు పోనారు.
నన్ను పుట్టిన్నాడే పక్కింటోలికిచ్చీసి
సేటడు తవుడెట్టి మళ్ళీ కొనుక్కున్నాది మాయమ్మ.
యముడికి లెక్క తప్పాలని."
ముద్దను గాలానికి గుచ్చాడు, ఏమీ చెప్పనట్టే.

జీలుగు బెండు నీటి మీద నిలబడింది.
అతని వెదురు కర్ర పక్కన
నా విశాఖపట్నం రీలు కొంచెం సిగ్గుపడింది.
ఎనిమిదిన్నరకి అవతలి గట్టు వచ్చింది.
తొమ్మిదికి కొండ, నడుం దాకా.
మోడు మీద రెక్కలారేసుకున్న నీటికాకి
మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది,
టికెట్టు లేని దొర.

సోడంబలి తాగాం, కాల్చిన ఎండుమిరపకాయ నంజుకుని.
నా బెండు ఒకసారి మునిగింది.
లాగితే బోసి గాలం.
మళ్ళీ గుచ్చాను. మళ్ళీ బోసి గాలం.
"పరిగెలు బాబూ. సిల్లర దొంగలు."
నాకు కోపం రాలేదు.
ఏ లారీ తేనివి, ఏ రిజిస్టరూ ఎరగనివి,
తిని పోనీ.

ఒంటిగంట దాటాక, ఎండ వీపుకి అంటాక
తవుడు కర్ర వంగింది.
అతను లాగలేదు.
దాని వెంట ఒడ్డున నాలుగడుగులు వేశాడు,
ఆగాడు, మళ్ళీ నడిచాడు,
పేచీ పెట్టే పిల్లాణ్ణి బడికి తీసుకెళ్తున్నట్టు.

ఒడ్డుకొచ్చింది బొచ్చె.
పెద్ద తల, పైకి తిరిగిన నోరు,
ఎప్పుడూ ఏదో అడగబోతున్నట్టు.
రెండు కిలోల పైమాటే. రెండో చలి దీనికి.
ఏ గ్లాసులో ఉన్నావే నువ్వు,
నూట పద్ధెనిమిదిలో ఎన్నోదానివి?
అడగలేదు. తవుడు వింటే నవ్వుతాడు.

పొద్దు వాలింది. నా సంచి ఖాళీ.
చేపను తడిగోనెలో చుట్టి
నా స్కూటర్ మీద పెట్టాడు.
"ఎంతివ్వను?"
"రేటు నీకు తెల్దేటి."
డబ్బులిచ్చాననుకోండి, అది వేరే.
డబ్బాలో మిగిలిన తవుడు ముద్ద కూడా
అతని అరచేతిలో పెట్టాను.
చూసుకున్నాడు. చాలాసేపు చూసుకున్నాడు.
"నా కరీదే ఇచ్చీసినావు" అన్నాడు.
ఆరిన చుట్టకి అగ్గిపెట్టె అడిగాడు.

గంట్యాడ ముందు కల్వర్టు దగ్గర
కాళ్ళ మధ్య గోనె ఒక్కసారి తన్నింది.
బ్రేకు వేశాను.
ఒకటి, అన్నాను, పైకే.
వెనక ఆటో హారను కొట్టి, తిట్టి, పోయింది.
నేనింకా అక్కడే,
లైటార్పకుండా, ఒక కాలు కింద పెట్టి.